కెమెరాలోని ఫొటోలను కంప్యూటర్‌లోకి భద్రంగా చేర్చుకునే విధానం

డిజిటల్ కెమెరాతో తీసిన ఫొటో కంప్యూటర్‌లోకి చేరేంతవరకు ఈ లోకంలో ఒకే ఒక్క చోట ఉంటుంది. ఆ చోటు తపాలా బిళ్లంత మెమరీ కార్డు. అది ఎక్కడైనా జారిపోయినా, పాడైనా, పొరపాటున ఖాళీ అయినా ఆ ఫొటోలకు మరో ప్రతి ఉండదు. అందువల్ల ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించడమంటే కేబుల్ తగిలించి కాపీ కొట్టడంతో ముగిసే పని కాదని మొదటే చెప్పుకోవాలి. ముందుగా కాపీ చేయాలి, తరువాత సరిచూడాలి, ఆ తరువాత రెండో ప్రతి తీయాలి, ఇవన్నీ పూర్తయ్యాకే కార్డును ఖాళీ చేయాలి. నేను చూసినంతలో ఫొటోలు పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది ఈ వరుసను తప్పినవారే తప్ప, కార్డు తనంతట తాను చెడిపోయి నష్టపోయినవారు తక్కువ.

పని మొదలుపెట్టే ముందు కంప్యూటర్‌లో తగినంత ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా తీసే జేపెగ్ ఫొటో సాధారణంగా 6 నుంచి 12 ఎంబీ వరకు ఉంటుంది. అదే ఫొటోను రా (RAW) పద్ధతిలో, అంటే సెన్సర్ పట్టిన డేటాను దాదాపు ఉన్నదున్నట్టుగా దాచే పద్ధతిలో తీస్తే 25 నుంచి 50 ఎంబీ దాకా పట్టవచ్చు. ఒక్కొక్కటి 30 ఎంబీ చొప్పున 500 రా ఫొటోలు తీసి ఉంటే వాటికే 15 జీబీ కావాలి. కాపీ సగంలో ఉండగా డిస్కు నిండిపోతే ఏ ఫైళ్లు వచ్చాయో, ఏవి ఆగిపోయాయో తేల్చుకోవడం పెద్ద తలనొప్పి. కాబట్టి కార్డులో నిండిన పరిమాణానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఖాళీ ఉంచుకోవడం మంచిది.

కేబులా, కార్డ్ రీడరా?

ఫొటోలను తీసుకోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. కెమెరానే యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపడం ఒకటి, కార్డును బయటికి తీసి కార్డ్ రీడర్‌లో పెట్టడం రెండోది. రెండింటితోనూ పని జరుగుతుంది కానీ, నన్నడిగితే కార్డ్ రీడర్‌కే ఓటు వేస్తాను. రీడర్ వాడినప్పుడు కెమెరా బ్యాటరీ మీద ఆధారపడనక్కర లేదు. కార్డు మామూలు డ్రైవ్‌లాగే కనిపిస్తుంది కాబట్టి అందులో ఏముందో మొత్తం చూడవచ్చు. పైగా చాలా కెమెరాల యూఎస్‌బీ కంటే మంచి రీడర్ వేగంగా పనిచేస్తుంది.

వేగంలో తేడా ఎంతో లెక్క వేసి చూద్దాం. యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. వాడుకలో మాత్రం అది 30, 40 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ వేగంతో నిండుగా ఉన్న 64 జీబీ కార్డును దించడానికి సుమారు అరగంట పడుతుంది. అదే కార్డును యూఎస్‌బీ 3.0 రీడర్‌లో పెడితే, కార్డు సెకనుకు 90 మెగాబైట్లు ఇవ్వగలిగినదైతే, పన్నెండు నిమిషాల్లో పని పూర్తవుతుంది. యూహెచ్ఎస్ అనేది ఎస్‌డీ మెమరీ కార్డుల వేగానికి పెట్టిన ప్రమాణం. యూహెచ్ఎస్-1 కార్డుల గరిష్ఠ వేగం సెకనుకు 104 మెగాబైట్లు, యూహెచ్ఎస్-2 కార్డులది 312 మెగాబైట్లు. కార్డు వెనుక లోహపు గీతలు రెండు వరుసల్లో ఉంటే అది యూహెచ్ఎస్-2 కార్డు. దాని పూర్తి వేగం అందాలంటే రీడర్ కూడా అదే రకానిదై ఉండాలి. పాత రీడర్‌లో పెట్టినా పనిచేస్తుంది గానీ పాత వేగంతోనే పనిచేస్తుంది.

కేబుల్ ఎంచుకున్నవారు కొన్ని విషయాలు గమనించాలి. పాత కెమెరాల్లో మినీ యూఎస్‌బీ, ఆ తరువాతి వాటిలో మైక్రో యూఎస్‌బీ, ఇప్పటి వాటిలో టైప్-సీ రంధ్రం ఉంటుంది. రంధ్రంలో సరిగ్గా పట్టినంత మాత్రాన ప్రతి కేబుల్ పనికిరాదు. కొన్ని కేబుళ్లలో విద్యుత్తును మోసే తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అలాంటి కేబుల్ తగిలిస్తే కెమెరా ఛార్జ్ అవుతుంది కానీ కంప్యూటర్‌కు కెమెరా ఉన్నట్టే తెలియదు. కంప్యూటర్ కెమెరాను గుర్తించకపోతే దేన్నీ అనుమానించకముందు కేబుల్‌ను మార్చి చూడాలి. బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేసుకుని, మెనూలో ఆటో పవర్ ఆఫ్ సమయాన్ని పెంచుకుని, కెమెరా ఆపి ఉంచి కేబుల్ తగిలించిన తరువాత ఆన్ చేయాలి.

కెమెరా మెనూలో యూఎస్‌బీ కనెక్షన్ అనే అంశం ఉంటే దానిలో సాధారణంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. మాస్ స్టోరేజ్ ఎంచుకుంటే కెమెరాలోని కార్డు పెన్‌డ్రైవ్‌లాగా కనిపిస్తుంది. పీటీపీ లేదా ఎంటీపీ ఎంచుకుంటే కంప్యూటర్ నేరుగా కార్డును చదవదు. ఫలానా ఫైల్ ఇవ్వమని కెమెరాను అడుగుతుంది, కెమెరా తీసి ఇస్తుంది. ఫొటోలను తీసుకోవడానికి ఇది చాలు గానీ, ఈ పద్ధతిలో కార్డుకు విండోస్ ఇచ్చే E:, F: వంటి డ్రైవ్ అక్షరం రాదు. మ్యాక్‌లోనైతే ఫైళ్లను చూపే ఫైండర్ అనే ప్రోగ్రామ్‌లో కెమెరా కనిపించనే కనిపించదు, ఇమేజ్ క్యాప్చర్ అనే ప్రోగ్రామ్ తెరవాలి. కెమెరా తగిలించినా ఏమీ కనిపించడం లేదని కంగారుపడేవారికి చాలాసార్లు జవాబు ఇదే.

కార్డును తీసి పెట్టడం

కెమెరా ఆపిన వెంటనే కార్డు లాగకూడదు. కార్డు మూత దగ్గరో, వెనుక భాగంలోనో ఉండే చిన్న దీపం వెలుగుతున్నంతసేపు కెమెరా ఇంకా కార్డు మీద రాస్తున్నట్లే. ముఖ్యంగా వరుసగా చాలా ఫొటోలు తీసినప్పుడు ఈ రాత కొన్ని సెకన్లపాటు సాగుతుంది. దీపం ఆరిపోయాక ఎస్‌డీ కార్డును వేలితో లోపలికి నొక్కి వదిలితే అదే బయటికి వస్తుంది. పాత కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులు వాడేవారు మరింత జాగ్రత్త పడాలి. వాటిని పెట్టే చోట వెంట్రుకల్లాంటి 50 సన్నని పిన్నులుంటాయి. కార్డు వంకరగా పెట్టి బలంగా తోస్తే అవి వంగిపోతాయి. సులువుగా దిగకపోతే బయటికి తీసి, మళ్లీ తిన్నగా పెట్టాలే తప్ప బలం ఉపయోగించకూడదు.

ఎస్‌డీ కార్డు ఎడమ అంచున ఒక బుల్లి మీట ఉంటుంది. దానిని లాక్ వైపు జరిపి రీడర్‌లో పెట్టడం నేను ఎన్నో ఏళ్లుగా పాటిస్తున్న అలవాటు. అలా చేస్తే రీడర్ ఆ కార్డు మీద రాయడానికి గాని, అందులోంచి చెరపడానికి గాని కంప్యూటర్‌ను అనుమతించదు, చదవడానికి మాత్రమే ఒప్పుకుంటుంది. కొన్ని నాసి రకం రీడర్లు ఈ మీటను పట్టించుకోవు గనుక పూర్తిగా దాని మీదే ఆధారపడలేం. అయినా చేయి జారి డిలీట్ నొక్కిన సందర్భంలో ఇది నిజంగా కాపాడుతుంది. కార్డు తిరిగి కెమెరాలో పెట్టే ముందు మీటను వెనక్కి జరపడం మరిచిపోతే కార్డు లాక్ అయి ఉందని కెమెరా ఫొటో తీయనివ్వదు. అంతకుమించి ప్రమాదమేమీ లేదు.

కార్డు పెట్టగానే, డిస్కును ఫార్మాట్ చేస్తే, అంటే అంతా చెరిపి కొత్తగా సిద్ధం చేస్తే తప్ప వాడలేరని కంప్యూటర్ ఒక ప్రశ్న వేయవచ్చు. ఎట్టి పరిస్థితిలోనూ అవును అనకూడదు, క్యాన్సిల్ నొక్కి కార్డు తీసేయాలి. చాలాసార్లు కార్డులో దోషం ఉండదు, రీడర్ పాతదై ఉంటుంది. ఎస్‌డీ కార్డులు 2 జీబీ వరకు, ఎస్‌డీహెచ్‌సీ కార్డులు 32 జీబీ వరకు, ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు 2 టీబీ వరకు ఉంటాయి. పాత రకానికి తయారైన రీడర్ తరువాత వచ్చిన రకాన్ని చదవలేకపోవచ్చు. ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు వాడే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ వ్యవస్థ (కార్డులో ఫైళ్లను అమర్చే పద్ధతి) పాత కంప్యూటర్‌కు తెలియకపోయినా ఇదే ప్రశ్న వస్తుంది. అదే కార్డును కెమెరాలో పెట్టి చూస్తే ఫొటోలు కనిపిస్తున్నాయంటే కార్డు బాగున్నట్లే. అప్పుడు మరో రీడర్‌తో గాని, కేబుల్‌తో గాని ప్రయత్నించాలి.

కార్డు లోపల ఏముంటుంది

కార్డు తెరిస్తే డీసీఐఎం (DCIM) అనే ఫోల్డర్ కనిపిస్తుంది. ఏ కంపెనీ కెమెరా అయినా ఈ పేరు మారదు. 1998లో జపాన్‌లో రూపొందిన డీసీఎఫ్ అనే ప్రమాణం దీనిని నిర్ణయించింది. ఆ ప్రమాణం ప్రకారం డీసీఐఎం లోపలి ఫోల్డర్ పేరు 100 నుంచి 999 వరకు ఉండే అంకెతో మొదలై ఐదు అక్షరాలతో ముగుస్తుంది. ఫొటో పేరులో నాలుగు అక్షరాలు, ఆ వెనుక 0001 నుంచి 9999 వరకు అంకె ఉంటుంది. ఈ చిన్న వివరాన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఇందులోనే ఒక పెద్ద చిక్కు దాగి ఉంది. పదివేలవ ఫొటోకు అంకె మళ్లీ 0001కు వస్తుంది. కొన్ని కెమెరాల్లో, మెనూలో ఆ మేరకు అమర్చి ఉంటే, కార్డు ఫార్మాట్ చేసిన ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది. అంటే వేర్వేరు రోజుల్లో తీసిన రెండు ఫొటోలకు ఒకే పేరు ఉండడం సాధారణమే.

నేను మొదట్లో ఫొటోలన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో పోసేవాడిని. ఒకరోజు కాపీ చేస్తుండగా, ఈ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉంది, దాని స్థానంలో దీనిని పెట్టాలా అని కంప్యూటర్ అడిగింది. అవే ఫొటోలు రెండోసారి వస్తున్నాయనుకుని రీప్లేస్ నొక్కాను. అవి వేరే ఫొటోలు. పాతవి నలభైకి పైగా చెరిగిపోయాయి, వాటి కార్డును అప్పటికే ఖాళీ చేసి ఉన్నాను. ఇప్పటికీ ఆ ప్రశ్న తెర మీద కనిపిస్తే చేయి ఆగిపోతుంది. మీకు అది ఎదురైతే కాపీని ఆపి, కొత్త ఫోల్డర్ ఒకటి తెరిచి అందులోకి మళ్లీ మొదటినుంచి కాపీ చేయండి.

మరో సంగతి, వీడియోలు ఎప్పుడూ డీసీఐఎంలోనే ఉండవు. సోనీ కెమెరాలు, మరికొన్ని, వీడియోలను ప్రైవేట్ అనే వేరే ఫోల్డర్‌లో, దాని లోపలి ఫోల్డర్లలో దాస్తాయి. డీసీఐఎం ఒక్కటే కాపీ చేసి, ఫొటోలన్నీ వచ్చాయన్న ధీమాతో కార్డు ఖాళీ చేసినవారికి వీడియోలు పోయిన సంగతి వారాల తరువాత గాని తెలియదు. అలాగే 32 జీబీ, అంతకంటే చిన్న కార్డులు వాడే ఫ్యాట్32 వ్యవస్థలో ఒక్క ఫైల్ 4 జీబీని మించలేదు. కాబట్టి పొడవైన వీడియో రెండు మూడు ముక్కలుగా ఉంటుంది, ముక్కలన్నీ రావాలి. ఈ లెక్కలేవీ గుర్తుంచుకోనవసరం లేని సులువైన మార్గం ఏమిటంటే, కార్డులో కనిపించినదంతా ఉన్నదున్నట్టుగా కాపీ చేయడమే. ఏది అవసరమో, ఏది అనవసరమో కంప్యూటర్‌లోకి వచ్చాక తీరిగ్గా తేల్చుకోవచ్చు.

కాపీ చేయడం

ముందుగా ఫొటోలకు ఒక చోటు ఏర్పాటు చేయాలి. పిక్చర్స్ ఫోల్డర్‌లో సంవత్సరానికి ఒక ఫోల్డర్, దాని లోపల కార్డును దించిన ప్రతిసారీ ఒక కొత్త ఫోల్డర్ పెట్టుకోవచ్చు. పేరులో సంవత్సరం, నెల, తేదీ అనే వరుస పాటించి, 2025-03-09 అన్నట్టుగా రాసి, పక్కన సందర్భాన్ని రెండు మాటల్లో చేర్చండి. సంవత్సరానికి బదులు తేదీని ముందు రాస్తే ఫోల్డర్లు కాలక్రమంలో నిలబడవు. నెలకు, తేదీకి రెండేసి అంకెలు రాయడం కూడా ఇందుకే.

విండోస్‌లో విండోస్ మీటతో పాటు ఇంగ్లీషు E అక్షరం నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. దిస్ పీసీలో కార్డును తెరిచి, కంట్రోల్‌తో పాటు A నొక్కి అన్నిటినీ ఎంచుకుని, కంట్రోల్, సీ నొక్కి, కొత్త ఫోల్డర్‌లోకి వెళ్లి కంట్రోల్, వీ నొక్కితే కాపీ మొదలవుతుంది. కట్ మాత్రం వద్దు. కట్ చేస్తే ఒక్కో ఫైల్ ఇటు చేరగానే అటు చెరిగిపోతుంది, చేరినది సరిగ్గా చేరిందో లేదో చూసుకునే అవకాశం మీకు మిగలదు. మ్యాక్‌లో ఫైండర్‌తో ఇదే పని కమాండ్ మీటతో చేయవచ్చు. మ్యాక్‌లోని ఫొటోస్ ప్రోగ్రామ్ ఫొటోలను తన సొంత లైబ్రరీలో పెట్టుకుంటుంది. అవి మామూలు ఫోల్డర్లలో ఉండాలని కోరుకునేవారికి ఇమేజ్ క్యాప్చర్ గాని, ఫైండర్ గాని అనువైనది. లినక్స్ వాడేవారికి కార్డు ఫైల్ మేనేజర్‌లోనే కనిపిస్తుంది, డిజికామ్, షాట్‌వెల్ వంటి ఫొటో ప్రోగ్రామ్‌లు కూడా ఉన్నాయి.

ఇంపోర్ట్ చేసే ప్రోగ్రామ్ ఏది వాడినా ఒక గడిని తప్పక వెతికి చూడండి. ఇంపోర్ట్ అయ్యాక కార్డులోని ఫొటోలను తొలగించాలా అని అడిగే గడి అది. విండోస్ ఫొటోస్‌లోనూ, మ్యాక్ ఫొటోస్‌లోనూ, ఇమేజ్ క్యాప్చర్‌లోనూ అది ఉంది. దానిలో టిక్ ఉంటే తీసేయాలి. సౌకర్యంగా కనిపించే ఆ గడి, సరిచూసుకునే బాధ్యతను మన చేతిలోంచి లాగేసుకుంటుంది.

వై-ఫై ద్వారా పంపే పద్ధతి గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. రెండు మూడు ఫొటోలు వెంటనే ఎవరికైనా పంపడానికి అది బాగుంటుంది, కార్డు మొత్తం దించడానికి మాత్రం చాలా నిదానం. నికాన్ స్నాప్‌బ్రిడ్జ్ వంటి యాప్‌లు తమంతట తాము పంపే ఫొటోలు 2 మెగాపిక్సెళ్లకు కుదించినవి కావచ్చు. అవి ఫోన్‌లో ఉన్నాయి కదా అని అసలు ఫొటోలను చెరిపేస్తే తిరిగి రావు.

సరిచూడడం

అందరూ దాటేసే మెట్టు ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ముందుగా కార్డులోని ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచి, ఫైళ్ల సంఖ్యను, మొత్తం బైట్లను చూడండి. కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కు కూడా అలాగే చేసి రెండింటినీ పోల్చండి. మ్యాక్‌లో దీనికి గెట్ ఇన్ఫో వాడాలి. విండోస్‌లో సైజ్, సైజ్ ఆన్ డిస్క్ అని రెండు అంకెలుంటాయి. మొదటిదే పోల్చాలి. రెండోది డిస్కులో ఫైల్ ఆక్రమించిన చోటు కాబట్టి కార్డుకు, హార్డ్‌డిస్కుకు తేడా ఉండడం సహజం.

సంఖ్యలు సరిపోయాక ఫొటోలను తెరిచి చూడాలి. ఫోల్డర్‌లో కనిపించే చిన్న బొమ్మలను నమ్మకూడదు. కెమెరా ప్రతి ఫొటో ఫైల్‌లోనూ ఒక చిన్న నమూనా బొమ్మను కూడా దాచి ఉంచుతుంది. అసలు ఫొటో సగం పాడైపోయినా ఆ నమూనా చక్కగా కనిపించవచ్చు. పూర్తి తెర మీద తెరిచి బాణం మీటతో ఒక్కొక్కటిగా ముందుకు వెళితే, పాడైన ఫొటోలో కింది సగం బూడిద రంగు పట్టీగానో, రంగులు చెదిరిన గీతలుగానో బయటపడుతుంది. కార్డు ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి ఆ ఒక్క ఫైల్‌ను మళ్లీ కాపీ చేసుకుంటే సరిపోతుంది. రా ఫైళ్లు తెరుచుకోకపోతే అవి పాడయ్యాయని అనుకోకండి. కొత్త కెమెరా రా పద్ధతిని పాత ప్రోగ్రామ్ ఇంకా నేర్చుకుని ఉండదు, కెమెరా కంపెనీ ఇచ్చే ప్రోగ్రామ్‌తో తెరిచి చూడండి.

తేదీల విషయంలోనూ కొందరు కంగారు పడతారు. కాపీ చేసిన ఫైల్‌కు క్రియేటెడ్ అనే చోట ఇవాళ్టి తేదీ కనిపించడం మామూలే. ఫొటో తీసిన అసలు తేదీ, సమయం ఎగ్జిఫ్ అనే సమాచారంగా ఫైల్ లోపలే ఉంటాయి, కాపీ చేసినంత మాత్రాన మారవు. డేట్ టేకెన్ అనే వరుసను చూస్తే అవి తెలుస్తాయి. అయితే కెమెరా గడియారమే తప్పుగా ఉంటే ఆ తేదీ కూడా తప్పే కాబట్టి, కెమెరా చేతిలో ఉండగానే గడియారాన్ని ఒకసారి సరిదిద్దండి.

ఇక కార్డును బయటికి తీసే ముందు ఎజెక్ట్ నొక్కాలి. తెర మీద పని ముగిసినట్లు కనిపించినా కంప్యూటర్ లోలోపల కార్డుతో పని చేస్తూనే ఉండవచ్చు. సగంలో లాగితే కార్డులోని ఫైళ్ల పట్టిక చెదిరిపోయి, ఉన్న ఫొటోలు కూడా కనిపించకుండా పోతాయి.

రెండో ప్రతి, ఆ తరువాత ఫార్మాట్

ఇప్పుడు ఫొటోలు కంప్యూటర్‌లోనూ, కార్డులోనూ ఉన్నాయి. కార్డు ఖాళీ చేస్తే మళ్లీ ఒక్క చోటే మిగులుతాయి. అందుకని ఆ ఫోల్డర్‌ను ముందుగా ఒక బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేయాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్నది ఫొటోగ్రాఫర్లు పాటించే నియమం. ఆ వేరే చోటు క్లౌడ్ కావచ్చు, మరో ఇంట్లో ఉంచిన డిస్కు కావచ్చు. క్లౌడ్ సింక్ చేసే ప్రోగ్రామ్ వాడేవారు ఒకటి గమనించాలి. కంప్యూటర్‌లో ఒక ఫొటో చెరిపితే సింక్ దానిని క్లౌడ్‌లోనూ చెరుపుతుంది. అలాంటి క్లౌడ్‌ను ఒక ప్రతిగా లెక్కపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

ఈలోగా ఏదైనా తప్పు జరిగి కార్డులోని ఫొటోలు చెరిగిపోతే, ఆ క్షణంలోనే కార్డు వాడకం ఆపేయండి. చెరిపినప్పుడు పోయేది సాధారణంగా ఫైళ్ల పట్టిక మాత్రమే, ఫొటోల డేటా మరొకటి దాని మీద రాసేంతవరకు అక్కడే ఉంటుంది. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ డేటాను వెతికి వెలికి తీయగలదు. తీసిన ఫైళ్లను అదే కార్డులో కాక కంప్యూటర్‌లో దాచాలి. పాత పేర్లు తిరిగి రావు గాని, ఫొటోలు చాలావరకు దొరుకుతాయి. ఇందుకు కార్డును రీడర్‌లో పెట్టాలి, పీటీపీ కేబుల్ ద్వారా ఈ పని జరగదు.

రెండో ప్రతిని కూడా సరిచూశాక కార్డు ఖాళీ చేయవచ్చు. కంప్యూటర్‌లో ఫొటోలను ఎంచుకుని డిలీట్ చేయడం సరైన పద్ధతి కాదు. విండోస్‌లో కార్డు నుంచి చెరిపినవి సాధారణంగా రీసైకిల్ బిన్‌కు వెళ్లవు, నేరుగా పోతాయి. మ్యాక్‌లో దీనికి విరుద్ధంగా, చెరిపినవి కార్డులోనే కనిపించని ఫోల్డర్‌లో కూర్చుంటాయి, ట్రాష్ ఖాళీ చేసేదాకా కార్డులో చోటు పెరగదు. అందువల్ల కార్డు మీటను వెనక్కి జరిపి, కెమెరాలో పెట్టి, కెమెరా మెనూలోని ఫార్మాట్‌నే వాడండి. ఆ కెమెరాకు కావలసిన ఫైల్ వ్యవస్థను, ఫోల్డర్లను అదే కొత్తగా ఏర్పాటు చేసుకుంటుంది. ఫార్మాట్ పూర్తయ్యాక ఒక ఫొటో తీసి, తెర మీద తెరిచి చూసుకుంటే కార్డు తదుపరి పనికి సిద్ధమైనట్లే.